గ్లాసు చేత పట్టుకుని చూసిన బొమ్మలు

ఇటీవల విశాఖపట్నంలో ఒక చిన్న చిత్రప్రదర్శనకు వెళ్లినప్పుడు, చట్రాలకు కొత్తగా పూసిన వార్నిష్ వాసనా, పక్కగదిలో మరుగుతున్న టీ డికాక్షన్ వాసనా ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. విడివిడిగా ఎన్నో చోట్ల ఎదురైన వాసనలే అవి. రెండూ కలిసి తగిలేసరికి మాత్రం, హైదరాబాదులో బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 మీది నుంచి పక్కసందులోకి తిరిగి, లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం గేటు దాటి లోపలికి నడిచిన మధ్యాహ్నాలన్నీ వరుసగా గుర్తుకు వచ్చాయి. అక్కడ టీ ఎవరికి వారే తెచ్చుకోవాలి. తెచ్చుకున్న టీని గోడకు వేలాడుతున్న బొమ్మల ముందు నిలబడి తాగవచ్చు. ఉద్యోగానికి పోగా మిగిలిన నా యౌవనంలో మంచి భాగం ఆ గోడల ముందే గడిచింది.

* * *

బొమ్మలూ కాఫీ ఒకేచోట ఉండడం నేను చిన్నతనంలోనే చూశాను. తెనాలిలో మా వీధి చివర ఒక కాఫీ హోటల్ ఉండేది. ఆదివారాలు తెల్లవారుతూనే నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లేవారు. బాయిలర్ కింద బొగ్గులు చిటపటలాడుతూ ఉండేవి. సర్వరు నాలుగు బల్లల వాళ్లు చెప్పింది విని, ఏదీ రాసుకోకుండానే, వంటింటి వైపు తిరిగి ఒకే ఊపిరిలో అన్నీ అప్పజెప్పేవాడు. పాలరాతి బల్ల మీద డబరాలో పెట్టిన ఇత్తడి గ్లాసును నేను ముట్టుకోలేకపోతే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న హోటలాయన, “వేడిగా ఉంది బాబూ, బొమ్మలు చూస్తూ ఊదుకో” అనేవారు.

ఆ బొమ్మలు వడ్డాది పాపయ్యగారివి. ‘చందమామ’ ముఖచిత్రాలనూ, ‘యువ’ దీపావళి ప్రత్యేక సంచికల్లోని రంగుల బొమ్మలనూ హోటలాయన జాగ్రత్తగా కత్తిరించి, అద్దాలు వేయించి, గోడ పొడవునా వరుసగా కట్టించారు. ఆయన రోజూ పొద్దున్నే దేవుడి పటానికి అగరొత్తి వెలిగించే ముందు, ఆవిరికి మసకబారిన ఆ అద్దాలన్నింటినీ మెత్తటి గుడ్డతో తుడిచేవారు. మూలన ‘వ.పా.’ అనే సంతకాన్ని నేను మొదట చదివింది అక్కడే. కాఫీకి వచ్చిన వాళ్లు, బస్తాలు మోసి వచ్చి టీ అడిగే వాళ్లతో సహా, ఆ బొమ్మల్లోని చీరల రంగుల గురించి, పూర్తి అధికారం ఉన్నట్టే మాట్లాడుకునేవారు. అవి అచ్చు బొమ్మలు కావచ్చు, నెలకొక పత్రిక ధరకు వచ్చినవి కావచ్చు. అయినా ఆ గోడను చూడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదన్న సంగతి నాకు తెలియకుండానే లోపల నాటుకుపోయింది. హోటలాయన పోయాక కొడుకులు గోడకు టైల్స్ వేయించారు. పటాలు ఏమయ్యాయో నేను అడిగే నాటికి చెప్పగలిగిన వారు లేరు.

* * *

హైదరాబాదులో నాకు ఒక దినపత్రికలో డెస్కు మీద ఉద్యోగం వచ్చింది. డ్యూటీ సాయంత్రం మొదలై, సిటీ ఎడిషన్ వెళ్లాక, అర్ధరాత్రి దాటిన తరువాత ముగిసేది. యూసఫ్‌గూడలో ముగ్గురం కలిసి ఉండే గదిలో పది గంటలకు నిద్రలేస్తే, సాయంత్రం దాకా చేతినిండా ఖాళీయే. ఆ ఖాళీలో ఊరంతా తిరిగాను. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం ముందు జనంతో పాటు నిలబడ్డాను. కాని బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ప్రాంతాల్లోని ఆర్ట్ గ్యాలరీల గాజు తలుపులు తోసుకుని వెళ్లడానికి మాత్రం కాలు ముందుకు పడేది కాదు. అక్కడ టిక్కెట్టు ఉండదని, ఎవరైనా చూడవచ్చని తెలుసు. అయినా లోపలి చల్లదనం, ఎవరూ గొంతెత్తని నిశ్శబ్దం, బల్ల వెనుక కూర్చున్న మనిషి తలెత్తి మన చెప్పుల వైపు చూసే చూపు, ఇవన్నీ కలిసి, కొనగలిగిన వాళ్ల కోసమే ఈ గది అని చెబుతున్నట్టు ఉండేది. నాతో గదిలో ఉన్న మిత్రుడు లలితకళల విద్యార్థి. అతనే ఆ తలుపుల దగ్గర నాకంటే ఎక్కువ తటపటాయించేవాడంటే ఆ గడప ఎత్తు ఎంతో ఊహించుకోవచ్చు.

డెస్కులో నాకంటే పదేళ్లు పెద్దవాడైన సీనియర్ ఒకాయన ఉండేవారు. ఒక మధ్యాహ్నం ఆయన, “రా తమ్ముడూ, మంచి టీ ఉన్నచోటికి తీసుకుపోతా” అన్నారు. పంజాగుట్ట దగ్గర బస్సు దిగి, నాగార్జున సర్కిల్ మీదుగా, జీవీకే వన్ మాల్ వైపు నడిచాం. మాల్ ముందర కార్ల వరస, సెక్యూరిటీ వాళ్ల ఈలలు. అక్కడికి కొద్ది దూరంలోనే, రణగొణధ్వని ఒక్కసారిగా తగ్గిపోయే ఆ సందు.

* * *

లామకాన్ ఒకప్పుడు ఒక మనిషి ఇల్లు. ఫోటోగ్రాఫర్, డాక్యుమెంటరీల రూపకర్త అయిన మొయిద్ హసన్ గారి నివాసం. ఆయన మరణించాక ఆ ఇంటిని అమ్మివేయకుండా, అపార్ట్‌మెంటుగా మార్చకుండా, అష్హర్ ఫర్హాన్, ఆయన మిత్రులు కలిసి 2010 మార్చిలో అందరూ రాగలిగిన సాంస్కృతిక స్థలంగా తెరిచారు. బంజారాహిల్స్‌లో గజం నేల విలువ తెలిసిన వాళ్లకు ఆ నిర్ణయం ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ గొప్ప భవనమేదీ లేదు. రాతినేల మీద అమరిన ఇల్లు, ఆరుబయట నాటకాలకూ ముషాయిరాలకూ ఒక వేదిక, చెట్టు నీడలు, కూర్చోవడానికి అరుగులు, ఒక పక్కన క్యాంటీన్. హైదరాబాదు కింద ఉన్న గ్రానైట్ దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ రాయిని పేల్చి చదును చేయడమే ఇల్లు కట్టడానికి మొదటి పని అయిపోయిన ఊరిలో, రాయిని రాయిగా ఉంచి, దాని పక్కన సర్దుకుని కూర్చున్న ఇల్లది. వాన పడి వెలిసినప్పుడు ఆ రాతి నుంచి వచ్చే వాసన కోసమే నేను కొన్ని రోజులు గొడుగు లేకుండా బయలుదేరేవాణ్ణి.

క్యాంటీన్ కిటికీ దగ్గర డబ్బు కట్టి, పేరో సంఖ్యో పిలిచేదాకా ఆగి, గ్లాసును మనమే అందుకోవాలి. ఇరానీ చాయ్ పద్ధతి తెలిసిన వాళ్లకు ఆ ఆగడం ఎందుకో అర్థమవుతుంది. డికాక్షన్‌ను మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు మగ్గనిస్తారు. పాలను వేరుగా, చిక్కబడేదాకా కాస్తారు. రెండూ కలిసేది గ్లాసులోనే. ఫిల్టర్ కాఫీ ఇంట్లో పెరిగిన నాకు ఆ తీపీ, ఆ చిక్కదనమూ మొదట్లో ఎక్కువనిపించినా, కొన్నాళ్లకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ దాని కోసం వెతుక్కునే స్థితికి వచ్చాను. సమోసాలు ఉండేవి. మధ్యాహ్నం వేళ ఖిచిడీ, ఖట్టా, కీమా ఉండేవి. జీతం అందిన వారంలో మా భోజనం అదే.

ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది. నేను మాత్రం ఆ స్థలం స్వభావం అంతా అక్కడే మొదలైందని నమ్ముతాను. సర్వరు ఉన్నచోట బల్ల ఉంటుంది, బల్లకు బిల్లు ఉంటుంది, బిల్లు వచ్చాక లేచి వెళ్లవలసిన సమయం ఉంటుంది. ఇక్కడ వరసలో నా ముందు ఒక సినిమా నటుడు, నా వెనుక కొరియర్ అబ్బాయి ఉన్న రోజులు ఉన్నాయి. ఇద్దరూ తమ గ్లాసులు తామే అంచు పట్టుకుని, వేలు కాలుతుంటే చేతులు మార్చుకుంటూ నడిచేవారు. కూర్చోవడానికి చోటు దొరకనప్పుడు గ్లాసుతోనే లోపలికి వెళ్లి గోడల దగ్గర నిలబడడం ఒక్కటే మార్గం. అలా నిలబడిన వాళ్లలో సగం మంది బొమ్మలు చూడడానికి వచ్చిన వాళ్లు కారు. చాయ్ పూర్తయ్యేసరికి చూసేసేవారు.

* * *

గోడల మీద ఉన్నవి వారానికో, పది రోజులకో మారిపోయేవి. కొన్నిసార్లు ఫోటోలు, కొన్నిసార్లు నీటిరంగులు, మరికొన్నిసార్లు ముద్రణ చిత్రాలు. మాసబ్‌ట్యాంక్‌లోని లలితకళల కళాశాల అక్కడికి దగ్గరే కాబట్టి, చదువు ఇంకా పూర్తికాని పిల్లలు తమ మొదటి బొమ్మలను గోనెగుడ్డలో చుట్టి ఆటోలో తెచ్చేవారు. బొమ్మలు కట్టే రోజున అక్కడ ఉండడం నాకు ప్రదర్శన చూడడం కంటే ఇష్టంగా ఉండేది. దారం పొడవు కొలుస్తూ ఒకరు, దూరంగా నిలబడి “కొంచెం కుడి పక్క దించు, ఇంకొంచెం” అంటూ ఒకరు, మేకు వంగిపోతే నాలుక కరుచుకునే ఇంకొకరు, వీళ్లందరి మధ్య చాయ్ గ్లాసులతో దారి చేసుకుంటూ మేము. ఎవరైనా ఖాళీగా కనిపిస్తే చాలు, “అన్నా, జర ఈ కొస పట్టుకోరాదే” అని పని చెప్పేవారు. పెద్ద చిత్రకారుల కృతులు తరువాతి కాలంలో ఎన్నో చూశాను. లక్ష్మాగౌడ్ గారి ఎచింగుల (లోహపు రేకు మీద గీసి అచ్చుతీసిన బొమ్మల) ముందు చాలాసేపు నిలబడిపోయాను. కాని ఒక బొమ్మ బరువు ఎంత ఉంటుందో, వెనుక పక్క ఎలా ఉంటుందో తెలిసింది ఆ కొస పట్టుకున్న మధ్యాహ్నాల వల్లనే.

బొమ్మ కింద అతికించిన చిన్న కాగితం మీద పేరు, మాధ్యమం, ధర చేతిరాతతో ఉండేవి. ధర పక్కన కొట్టివేతలు ఉండేవి. ఎంత అడగాలో తెలియక ముందు ఎక్కువ రాసి, తరువాత తగ్గించుకున్న గుర్తులు అవి. ఆ కొట్టివేతలు చూసినప్పుడు నాకు ఆ పిల్లల మీద ఎంత ఆపేక్ష కలిగేదో చెప్పలేను.

* * *

ఒక మధ్యాహ్నం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పాలమూరు ప్రాంతపు పల్లె జీవితం మీద బొగ్గుతో గీసిన బొమ్మలు ఆ వారం గోడల మీద ఉన్నాయి. గీసిన కుర్రవాడు ఒక మూల కుర్చీలో కూర్చుని, ఎవరైనా తన బొమ్మల ముందు ఆగితే లేచి నిలబడాలో వద్దో తెలియక ఇబ్బంది పడుతున్నాడు. వేదిక దగ్గర ఏదో సమావేశానికి వచ్చిన ఒక పెద్దమనిషి కారు డ్రైవరు, నలభై అయిదేళ్లు దాటినవాడు, చాయ్ తీసుకుని లోపలికి వచ్చి, దుక్కి దున్నుతున్న ఎడ్ల బొమ్మ ముందు నిలబడ్డాడు. చాయ్ అయిపోయినా కదలలేదు. చివరికి మా వైపు తిరిగి, “ఇది ఎవరు గీసిండ్రు సార్?” అన్నాడు. కుర్రవాడు లేచి నిలబడ్డాడు.

“మంచిగ గీసినవ్ బిడ్డా. ఎడ్ల కండ్లు శానా మంచిగొచ్చినయి. గని కాడి మూపురం ఎనకకు పడ్డది. మూపురానికి ముంగట, మెడ మీద ఉండాలె. గట్లుంటెనే ఎద్దు మూపుతోని నూకుతది.”

గదిలో ఉన్న మేమందరం ఆ బొమ్మను అప్పటికే ఎన్నోసార్లు చూశాం, మెచ్చుకున్నాం. మాలో ఒకరు దాని మీద ఆంగ్లపత్రికలో పెట్టడానికి నాలుగు వాక్యాలు కూడా రాసుకున్నారు. కాడి సంగతి ఎవరికీ కనిపించలేదు. కుర్రవాడు జేబులోంచి బొగ్గుముక్క తీసి, గోడ పక్కన పడి ఉన్న ఒక నాటకం కరపత్రం వెనుక పక్క కాడి గీసి, “ఇట్లనా పెదనాయినా?” అని అడిగాడు. డ్రైవరు ఆ బొగ్గును తన చేతిలోకి తీసుకుని, పలుపు ఎక్కడ కడతారో, నాగలికి తాడు ఎటు నుంచి వస్తుందో గీసి చూపించాడు. బయట నుంచి ఫోన్ మోగేదాకా ఇద్దరూ నేల మీద కూర్చుని ఆ కాగితం మీదికి వంగి ఉన్నారు. వెళ్లేముందు ఆయన తన ఖాళీ గ్లాసును తీసుకుపోయి క్యాంటీన్ కిటికీలో పెట్టి, మళ్లీ లోపలికి వచ్చి, మిగిలిన బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా చూసి వెళ్లాడు. గాజు తలుపుల గ్యాలరీలో ఆ మనిషి లోపలికి వచ్చేవాడు కాదు, ఆ బొమ్మ తప్పుగానే ఎవరి ఇంటికో చేరేది. ఈ మాట నేను చిత్రకళ గురించి మాట్లాడే ప్రతిచోటా చెబుతూ వచ్చాను.

* * *

హైదరాబాదుకు ఇది కొత్త అలవాటేమీ కాదని మా సీనియర్ గారు అంటూ ఉండేవారు. ఆయన తరం కంటే ముందు ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉండేదట. మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు, రాజకీయ నాయకులు, చిత్రకారులు ఒక్క చాయ్ ముందు గంటలు గడిపిన చోటు. అక్కడ కూర్చున్న వాళ్లలో ఎం.ఎఫ్.హుస్సేన్ కూడా ఒకరు. చిత్రాలు సంపన్నుల డ్రాయింగ్ రూములకే పరిమితం కాకూడదు, పల్లెజనం ఎరిగిన రామాయణాన్ని గీయమని సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా తనతో అన్నారనీ, లోహియా అనుచరుడు, కళాపోషకుడు అయిన బద్రీవిశాల్ పిత్తీ అండతో హైదరాబాదులోనే ఆ రామాయణ చిత్రాలను గీసి, ఎడ్లబండ్ల మీద చుట్టుపక్కల పల్లెలకు తీసుకువెళ్లాననీ హుస్సేన్ స్వయంగా చెప్పుకున్నారు. బండి మీది బొమ్మను చూడడానికి గడప దాటనక్కరలేదు. ఆ బండ్లు వెళ్లిన దారి ఎక్కడో ఒకచోట ఈ సందులోకి వచ్చి చేరిందని నేను మనసారా నమ్మాను.

* * *

సాయంత్రాల గురించి నాకు తెలిసింది తక్కువ, ఎందుకంటే అవి డెస్కు పాలయ్యేవి. వీక్లీ ఆఫ్ నాకు సోమవారం పడేది, లామకాన్‌కూ సోమవారమే సెలవు. అందువల్ల నాటకాలు చూసింది తక్కువ, వాటి రిహార్సల్స్ విన్నది ఎక్కువ. వెనుక నుంచి దక్కనీ ఉర్దూలో ఒకే సంభాషణను పదిరకాలుగా పలికే గొంతు, పక్క గదిలో తబలా శ్రుతి చేస్తున్న సుత్తి చప్పుడు, క్యాంటీన్‌లో గ్లాసులు కడిగే చప్పుడు, అరుగు మీద తెలుగు కవితను గట్టిగా చదివి వినిపిస్తున్న ఒక పెద్దాయన. ఆదివారాల్లో రసాయనాలు వాడని కూరగాయల సంత పెట్టేవారు. సొరకాయలు చంకన పెట్టుకుని బొమ్మలు చూస్తున్న గృహిణులు కనిపించేవారు. మూడున్నర దాటగానే నేను లేచేవాణ్ణి. గేటు దగ్గరికి వచ్చాక వెనుదిరిగి, ఆ రాత్రి జరగబోయే కార్యక్రమం పేరు బోర్డు మీద చదువుకుని వెళ్లేవాణ్ణి. చూడలేని కార్యక్రమాల పేర్లు అలా ఎన్నో కంఠతా వచ్చాయి.

ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ గోడలకు బొమ్మలు ఉన్న కాఫీ షాపులు వచ్చాయి. విశాఖలో నేను వాటిలో చాలావాటికి వెళ్లాను. సోఫా రంగుకు సరిపోయేలా టోకున కొనుక్కొచ్చిన ముద్రణలు ఎక్కువచోట్ల కనిపిస్తాయి. కింద గీసిన మనిషి పేరు ఉండదు, ఏడాదికి ఒక్కసారైనా మారవు. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వ్యాపారం వాళ్లది. అయితే ఆ ఊరి బడిలో డ్రాయింగ్ నేర్పే మాస్టారి బొమ్మలను, ఆ ఊరి రేవులో వలలు బాగుచేసే వాళ్లను ఫోటోలు తీసిన కుర్రవాడి పనిని వారం పాటు వేలాడదీయడానికి వాళ్లకు మేకుల ఖర్చు తప్ప వేరే ఖర్చు ఉండదు. ఈ మాట ఇద్దరు ముగ్గురు యజమానులతో అన్నాను. ఒకరు ఒప్పుకున్నారు. వచ్చే నెలలో మొదటి ప్రదర్శన.

కాడి గీసిన ఆ కుర్రవాడి దగ్గర నేను తరువాత ఒక బొమ్మ కొన్నాను. రెండు జీతాల మీద వాయిదాలుగా ఇస్తానంటే, “మీ ఇష్టం అన్నా, ముందు తీసుకపోండ్రి” అన్నాడు. అతను ఇప్పుడు పాలమూరు వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా బడి సంగతులే చెబుతాడు. మధ్యాహ్న భోజనం పెట్టే వరండా గోడకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సుతిలి తాడు కట్టి, పిల్లలు వేసిన బొమ్మలను బట్టల క్లిప్పులతో తగిలిస్తాడట. పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో కదులుతూ చూస్తారు, ఎవరి బొమ్మ అన్నం గిన్నెకు దగ్గరగా ఉండాలో పోట్లాడుకుంటారు, వండి వడ్డించే ఆయమ్మలు గరిట చేత పట్టుకునే తీర్పు చెబుతారు. పోయిన వారం తగిలించిన బొమ్మల్లో ఒకదానిలో కోడి కాళ్లకు మూడే వేళ్లు ఉన్నాయని, వెనుక వేలు మరిచిపోయారని ఒక ఆయమ్మ పట్టుకుందట. ఆ పిల్ల అన్నం సగంలో వదిలేసి, లేచి వెళ్లి సరిచేసి వచ్చిందట.